ఎదురుగా నిలబడే మనిషి

ప్రియమైన పిట్టకి,

అట్టపెట్టె చూసి కంగారుపడకు. అందులో ఉన్నది మీ అన్నయ్య కట్టిన చివరి రిమోట్ విమానం. ఆయన ఒక్కసారి కూడా ఎగరేయకుండానే వదిలిపోయిన పసుపురంగుది. బుధవారం పొద్దున మైదానంలో ఎవరూ లేనప్పుడు నేను ఎగరేశాను. నేనే కూల్చాను.

నవ్వకు. రెండు నెలలుగా ఆదివారాలు వెళ్ళి, కొత్తవాళ్ళ కోసం క్లబ్బులో ఉంచిన పాత విమానం మీద నేర్చుకుంటున్నాను. రాడార్ గారు నేర్పిస్తున్నారు. ఆయన నీకు తెలీదు. రిటైరైన లెక్కల మాస్టారు, ఆకాశంలో ఎక్కడ ఏది ఎగిరినా ముందు ఆయనకే కనిపిస్తుందని మీ అన్నయ్య పెట్టిన పేరు. ఎక్కించడం, తిప్పడం, దింపడం వచ్చేశాయి. పంతొమ్మిదేళ్ళు ఆ మైదానంలో మీ అన్నయ్య విమానానికి ఎదురుగా నిలబడి చెయ్యెత్తిన దాన్ని, ఆ మాత్రం రాదా అనుకున్నాను.

నేల వదిలింది. ఇంటి కప్పంత ఎత్తు కూడా పోకముందే ఒక పక్కకి వాలింది. రిమోట్ మీద స్టిక్ రెండో పక్కకి నొక్కాను. నొక్కినకొద్దీ ఇంకా వాలింది. ఒక రెక్క నడిమికి విరిగింది, ముక్కు నుజ్జయింది. ముక్కలన్నీ ఏరి పాత దుప్పటిలో చుట్టాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు అక్కడే కూర్చున్నాను. రాలేదు. లేచి దుకాణానికి వెళ్ళి పదకొండు స్కూలు ప్యాంట్లకి అంచులు మడిచి కుట్టాను.

అతికించగలవా? పళ్ళ సెట్లు చేసే చేతులు నీవి. చిన్నప్పుడు మీరిద్దరూ కలిసి కట్టేవాళ్ళని ఆయన చెప్పేవాడు. అది ఒక్కసారైనా తిన్నగా ఎగరాలి పిట్టా. నాకు ఇంకేం అక్కర్లేదు.

ఆశతో,
నీ వదిన

—

ప్రియమైన వదినా,

పెట్టె విప్పగానే మా వర్క్‌షాపులో అందరూ మూగారు. పై పళ్ళా కింది పళ్ళా అని అడిగాడు మా అచ్చులు పోసే అతను. మా అన్నయ్య విమానం అంటే తనే బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు.

ముందు తిట్లు. పక్కన మనిషి లేకుండా కొత్త విమానం ఎగరేస్తారా ఎవరైనా? అన్నయ్య ఉండి ఉంటే నిన్ను ఏమీ అనేవాడు కాదు, అందుకే నేను అంటున్నాను. ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు కదా, ఆ సగం హక్కు ఇన్నాళ్ళకి వాడుకుంటున్నాను.

ఇక సంగతి. రెక్కలో నిలువునా పోయే కర్ర రెండు ముక్కలైంది. విరిగిన చోట ఏటవాలుగా కోసి, కొత్త కర్ర అతికించి, దారం చుట్టి జిగురు పట్టించాను. ముక్కు మాత్రం కొత్తగా చెయ్యాల్సి వచ్చింది. బాల్సా చెక్క చెక్కుతుంటే చేతికి అన్నీ గుర్తొచ్చాయి. గోరు తగిలితే చాలు గుంట పడుతుంది, అంత మెత్తన. అన్నయ్య నా గోళ్ళు కత్తిరించి గానీ చెక్క ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకటి రెండు చోట్ల పెన్సిల్ రాతలుంటే తుడిచి సరిచేశాను. అంతే.

తింటున్నావా? నీ ఉత్తరంలో తిండి ఊసే లేదు.

ప్రేమతో, కాస్త కోపంతో,
పిట్ట

—

ప్రియమైన పిట్టకి,

మళ్ళీ అదే పెట్టె, అదే దుప్పటి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఈసారి ఆదివారం, అందరి ముందు. నీ అతుకు ఎక్కడుందో కనిపెట్టలేక రాడార్ గారే మెచ్చుకున్నారు. ఎగరేసే ముందు చూసుకోవలసినవన్నీ నేనే చూసుకున్నాను. ఎవరూ పక్కకి రాలేదు. ఈవిడ పంతొమ్మిదేళ్ళ నుంచి అదే పని చేస్తోంది, ఈవిడకి మనం చెప్పేదేముంది అనుకుని ఉంటారు. లేచింది, వాలింది, సరిచెయ్యబోతే ఇంకా వాలింది. అంతా కలిపి ఒక గుక్క నీళ్ళు తాగినంత సేపు.

ఆడలేక మద్దెల ఓడు అంటావేమో. నేనూ అలాగే అనుకున్నాను. కానీ రాడార్ గారు ముక్కలు ఏరి ఇస్తూ మెల్లిగా అన్నారు. "రెక్క మెలి తిరిగినట్టుందమ్మా. జబ్బులో కట్టింది కదా. ఇంక దీన్ని ఎగరెయ్యకు, గోడకి తగిలించుకో." ఆయన మంచికే అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బిగించి, ఒక్కటీ వెంట్రుకవాసి వంకర పోనివ్వని మనిషి గురించి అలా తలలు ఊపారు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పోవడానికి నెల ముందు, విమానం పూర్తయిన రోజున, ఆదివారం ఎగరేద్దామా అని అడిగాడు. గాలి ఎక్కువగా ఉంది, వచ్చే వారం చూద్దాంలే అన్నాను. గాలి లేదు పిట్టా. కిటికీ బయట ఆకు కూడా కదలడం లేదు. నలుగురి ముందు ఆయన చేతులు వణకడం చూడలేక అలా అన్నాను. సరేలే అని రిమోట్ తీసి బీరువా మీద పెట్టేశాడు. ఆ వచ్చే వారానికి మంచం దిగలేదు.

అందుకే అడుగుతున్నాను, దాచకుండా చెప్పు. ఆయన వంకరగా కట్టాడా? అవునంటే గోడకి తగిలిస్తాను. కాదంటే ఎగరేస్తాను. ఏదైనా ఒకటే, తెలిస్తే చాలు. ఈమధ్య వేడి వేడి ఇస్త్రీపెట్టె అంచు చేతికి తగిలినా వాసన వచ్చాక గానీ తెలియడం లేదు.

నీ వదిన

—

ప్రియమైన వదినా,

చేతికి మందు రాశావా? ముందు అది రాయి.

రెండు రెక్కలూ గాజుపలక మీద పెట్టి కొలిచాను. పళ్ళ సెట్టు కుదురుగా కూర్చుందో లేదో చూసే పలక అది, కాగితం దూరే సందున్నా పట్టేస్తుంది. విరగని రెక్క నిక్కచ్చిగా ఉంది. విరిగినదాని ముక్కలు వరస పేర్చి చూశాను, అదీ అంతే. మెలి లేదు, వంకర లేదు. మీ రాడార్ గారికి నా మాటగా చెప్పు.

దాచకుండా చెప్పమన్నావు కాబట్టి రెండోది కూడా చెబుతున్నాను. కిందటిసారి పెన్సిల్ రాతలు తుడిచానన్నాను కదా. రెక్క మొదట్లో, విమానం ఒంటికి ఆనుకునే చెక్క మీద అన్నయ్య రాసుకున్నాడు. ఎడమ రెక్క మీద ‘కుడి’ అని. కుడి రెక్క మీద ‘ఎడమ’ అని. అక్షరాలు వణుకుతున్నాయి. పెన్సిల్ బలంగా నొక్కి రాశాడు, వణుకు ఆపుకోవడానికేమో. చేతులు బాగానే పనిచేశాయి వదినా. తలే చెదిరినట్టుంది. నీ కంట పడకూడదని స్పిరిట్ పెట్టి తుడిచేసి, సరిగ్గా రాశాను.

కుడి ఎడమలు తెలియని స్థితిలో కట్టాడంటే లోపల తీగలు కూడా తారుమారు చేసి ఉండొచ్చు. నువ్వు నొక్కినకొద్దీ వాలిందంటే నాకు అదే అనుమానం. ఎగరేసే ముందు నువ్వు ఏం చూశావో, ఎలా చూశావో ఒక్క ముక్క వదలకుండా రాయి. రిమోట్ ముట్టుకోకు.

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. క్షమించు.

పిట్ట

—

పిట్టకి,

ఆయన తల చెదరలేదు.

ఆ అక్షరాలు నాకోసం రాసినవి. మైదానంలో రెక్కలు తగిలించేది నేను. బల్ల మీద విమానం ముక్కు నావైపు ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఎడమ రెక్క అందుకో అంటే ఎవరి ఎడమ అని పోట్లాడేదాన్ని. అప్పటి నుంచి ప్రతి విమానానికీ నా చేతుల ప్రకారమే రాసేవాడు. ‘కుడి’ అని ఉంటే నా కుడిచేత్తో పట్టుకోవాలి, అంతే. అటకమీద ఇంకా నాలుగున్నాయి, అన్నిటిమీదా అలాగే ఉంటుంది. ఇప్పుడు చేతులకే అలవాటు, కిందటిసారి రెక్కలు తగిలించేటప్పుడు రాత వంక చూడనే లేదు. నువ్వు తుడిచేసింది ఆయన చివరిసారి రాసిన రాత. ఆ తర్వాత ఆయన పెన్సిల్ పట్టుకోలేదు.

కోపంగా రాస్తున్నాననుకోకు. కోపం కూడా రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎలా చూశానో అడిగావు. ఎప్పుడూ చూసినట్టే చూశాను. ఆయన విమానం వెనక నిలబడి రిమోట్ మీద స్టిక్ కదిపేవాడు. నేను ముక్కుకి ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడేదాన్ని. రెక్క వెనక అంచున చిన్న పలకలుంటాయి కదా, ఏ పక్క పలక పైకి లేస్తే నేను ఆ పక్క చెయ్యి ఎత్తేదాన్ని. ఆయన నా చెయ్యి చూసి తల ఊపేవాడు. మాటలుండేవి కాదు.

ఇప్పుడు ఆయన లేడు కాబట్టి రిమోట్ నేనే పట్టుకుని, నా చోట నిలబడి చూశాను. స్టిక్ కుడికి తోశాను. నా ఎడమ పక్క పలక లేచింది. ఎడమకి తోస్తే కుడి పక్కది లేచింది. తిరగబడి ఉందని రిమోట్ కింద ఉన్న చిన్న మీట ఇటు నుంచి అటు మార్చాను. అప్పుడు కుడికి కుడి, ఎడమకి ఎడమ సరిపోయింది. రెండోసారి కూడా అలాగే సరిపోయిందని చూసుకునే ఎగరేశాను. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

చేతికి మందు రాశాను.

వదిన

—

ప్రియమైన వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎదుటి మనిషి కుడి దవడ నాకు ఎడమ పక్కన ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా పొద్దున లేస్తే నేను చేసే పనే ఇది, ప్రతి అచ్చు మీదా ఆ మనిషి వైపు నుంచే కుడి, ఎడమ రాస్తాను. లోకంలో ఎవరికి తట్టకపోయినా నాకు తట్టాలి. అన్నయ్య విషయంలో తట్టలేదు. జబ్బు మనిషి అని ముందే తీర్మానించేసుకుని చదివాను. నీకు తుడిచేసిన అక్షరాలు ఎలా తెచ్చివ్వను? చేతులు కాలాక ఆకులు పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు నెమ్మదిగా చదువు. స్టిక్ కుడికి తోస్తే విమానం కుడి పలక లేవాలి. నువ్వు ఎదురుగా నిలబడ్డావు కాబట్టి అది నీకు ఎడమ పక్కన కనిపించింది. అదే సరైనది. అన్నయ్య పెట్టినది పెట్టినట్టే ఉంచితే తిన్నగా ఎగిరేది. నువ్వు మీట మార్చాక అంతా తలకిందులైంది. అందుకే సరిచేసినకొద్దీ వాలింది.

ఆయన కట్టినదాంట్లో తప్పు లేదు. నీ చూపులోనూ లేదు వదినా, నువ్వు పంతొమ్మిదేళ్ళు నిలబడిన చోటే నిలబడ్డావు. వెనక మనిషి లేడు, అంతే తేడా.

మీట వెనక్కి మార్చు. ఈసారి నువ్వు విమానం వెనక నిలబడు. ఎదురుగా రాడార్ గారిని నిలబెట్టు. ఈ పెట్టెలో రెండు రెక్కలూ, ముక్కూ సిద్ధంగా ఉన్నాయి. విరిగిన రెక్కకి అతుకులు ఎక్కువయ్యాయి, అయినా బలంగానే ఉంది.

గాలి లేదన్న సంగతి రాశావు కదా. ఏ ఆకు ఎటు కదులుతోందో చూడకుండా అన్నయ్య జీవితంలో ఒక్క రోజైనా గడప దాటాడా? ఆయనకి తెలుసు. తెలిసే సరేలే అన్నాడు.

తప్పు చేసిన
పిట్ట

—

ప్రియమైన పిట్టకి,

నిన్న ఎగరేశాను.

రాడార్ గారికి నీ గాజుపలక సంగతి, మీట సంగతి అన్నీ చెప్పాను. ఆయన రెక్క అంచు వెంట వేలు పోనిచ్చి చూసి, "లెక్కల మాస్టారిని, కొలవకుండా మాట్లాడాను" అన్నారు. తర్వాత వెళ్ళి విమానానికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. నేను మొదటిసారి వెనక నిలబడ్డాను.

అక్కడి నుంచి ఆ పలకలు సరిగ్గా కనిపించవు పిట్టా. సూర్యుడు ఎదురుగా ఉంటాడు, రెక్క పైభాగం మెరుస్తుంది. కనిపించేది ఎదురుగా ఉన్న మనిషి చెయ్యి ఒక్కటే. మీ అన్నయ్య విమానం చూసుకుంటున్నాడని నేను అనుకునేదాన్ని. ఆయన పంతొమ్మిదేళ్ళూ నన్ను చూసి ఎగరేశాడు.

స్టిక్ ఎడమకి తోశాను. నా ఎడమ పక్కన రాడార్ గారి చెయ్యి లేచింది. కుడికి తోశాను, కుడి పక్కన లేచింది. తల ఊపాను.

అది లేచింది. వాలలేదు. చేత్తో పట్టుకుని తీసుకెళ్ళినట్టు తిన్నగా పోయింది. మైదానం చుట్టూ ఆరుసార్లు తిప్పాను. ఒకసారి స్టిక్ వదిలేసి చూశాను, అయినా తిన్నగానే పోయింది. మెలి తిరిగిన రెక్క అలా పోదని రాడార్ గారు అందరికీ వినబడేలా చెప్పారు. అప్పుడూ ఏడుపు రాలేదు. దింపేటప్పుడు గడ్డిలో తగిలి ఒక చక్రం ఊడింది.

ఇంటికి వస్తుంటే ఆకలి వేసింది. ఏమిటో అర్థం కాలేదు మొదట, కడుపులో నొప్పి అనుకున్నాను. ఆయన పోయాక ఆకలి వెయ్యడం ఇదే మొదలు. నిలబడే తిన్నాను, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను. తింటుంటే కన్నీళ్ళు వచ్చాయి. ఆపలేదు, తినడమూ ఆపలేదు.

తర్వాత రెక్కలు విప్పి తుడుస్తుంటే బొటనవేలికి ఏదో తగిలింది. కిటికీ దగ్గర వెలుగులోకి ఏటవాలుగా తిప్పి చూశాను. నువ్వు రాసిన ‘ఎడమ’ కింద ఆయన ‘కుడి’ ఉంది. నువ్వు తుడిచింది పెన్సిల్ నలుపు ఒక్కటే పిట్టా. అంత నొక్కి రాశాడన్నావు కదా, మెత్తటి చెక్కలో గాడి అలాగే ఉండిపోయింది. వణుకుతో సహా ఉంది. గోటితో వెంట వెళ్తే అక్షరం మొత్తం తెలుస్తోంది.

ఊడిన చక్రం పార్సిల్ చెయ్యడం లేదు. నువ్వే రావాలి, గోళ్ళు కత్తిరించుకుని రా. ముందు నీ ‘ఎడమ’ తుడిచెయ్యి. తర్వాత ఆ గాడిలోనే పెన్సిల్ పోనిచ్చి ఆయన రాసింది రాసినట్టు మళ్ళీ కనబడేలా చెయ్యి. ఆ పని నా చేత్తో చెయ్యలేను, నీకు చిన్న గీతలు అలవాటే.

ఆదివారానికి వచ్చెయ్యి. రాడార్ గారికి ఎక్కువసేపు నిలబడితే మోకాళ్ళు నొప్పి. ఎదురుగా నిలబడడానికి మనిషి కావాలి.

నీకోసం కూడా వండి ఉంచే,
నీ వదిన