మెలకువలో విన్న పిలుపు

అక్కకు, పూణే నుంచి నీ చెల్లెలు సుజాత నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారా? నీ నడుంనొప్పి నిజంగా తగ్గిందా, లేక మిల్లులో రెండు షిఫ్టులూ చేస్తూ నాకు మాత్రం తగ్గిందని చెబుతున్నావా? ఇక్కడ వాన వదలడం లేదు. ఉతికిన యూనిఫాం ఆరదు. పప్పులో బెల్లం వేస్తారు, ఏం మనుషులో! అయినా బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు. మన పేట నుంచి ఎవరైనా వస్తుంటే కాస్త కారం పంపించు.

ఈ సంగతి ఫోన్లో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే రాస్తున్నాను.

మా ఆసుపత్రికి సత్తెనపల్లి వైపు మిర్చి రైతు ఒకాయన వచ్చాడు. తలలో గడ్డ. పేషెంట్ల పేర్లు రాయకూడదు, బాబాయ్ అనే అంటాను. మెలకువగా ఉంచి ఆపరేషన్ చేయాలన్నారు. మెదడుకు నొప్పి తెలియదట. డాక్టరుగారు సన్నటి కరెంటుతో ఒక్కోచోట తాకి చూస్తారు, మాట తడబడితే ఆ చోటు వదిలేస్తారు. బాబాయ్‌కి తెలుగు తప్ప రాదు కాబట్టి మాట్లాడించే పని నర్సుల్లో నాకు పడింది.

ముందురోజు నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మాయ్, మా అమ్మకి ఫోటో కూడా లేదు. ఆవిడ గొంతొక్కటే మిగిలింది నాకు. అది పోకుండా చూడమని చెప్పమ్మా."

చెప్పాను. గడ్డ జ్ఞాపకాల వైపే ఉంది, మాట ఇవ్వలేనన్నారు డాక్టరుగారు.

ఆపరేషన్లో, కల్లం మీద కాయలు ఎలా ఆరబెడతారని అడిగాను. ఇంక చూడు, నేనేదో పట్నంలో పుట్టినట్టు మొదలుపెట్టి, రంగు పోయిన తాలుకాయలు ఏరడం దాకా వచ్చాడు. చటుక్కున ఆగి, "ఆఁ, వస్తన్నా" అన్నాడు. ఎవరితో అని అడిగితే, "మా అమ్మ పిలుస్తంది" అన్నాడు.

వెంటనే డాక్టరుగారికి చెప్పాను. కరెంటు తీయగానే ఆవిడ గొంతు ఆగిపోయిందట. డాక్టరుగారు ఆ చోటు ముట్టుకోకుండా పక్కనుంచి గడ్డ తీశారు.

జ్ఞాపకం ఏ ఒక్క కణంలోనూ ఉండదని తర్వాత చెప్పారు. న్యూరాన్లనే కణాలు వేలకు వేలు ఒకదానికొకటి కబురు అందించుకుంటాయట. కలిసి మేలుకున్నవి మళ్ళీ మళ్ళీ కలిస్తే వాటి మధ్య దారి గట్టిపడుతుంది, చేలో మనం నడిచినచోటే కాలిబాట పడ్డట్టు. ఎప్పుడో పోయిన తల్లి గొంతు ఆ మెత్తటి ముద్దలో ఇన్నేళ్ళూ బతికుండడమేమిటో, నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. మన తలల్లోనూ అంతేనట, నీకూ నాకూ.

కానీ ఆపరేషన్ అయ్యాక బాబాయ్‌కి మంచినీళ్ళన్న మాట రాలేదు. కొడుకు పేరూ రాలేదు. వాపు తగ్గితే వస్తాయన్నారు గానీ కొడుకు ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయాడు. నాకూ భయం వేసింది. వంగి, మీ అమ్మ ఎలా పిలిచేది బాబాయ్ అని అడిగాను. కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత వార్డంతా వినబడేలా పిలిచాడు.

"ఒరేయ్ చిన్నోడా, కూడు చల్లారిపోతంది, రారా."

పక్కమంచం ముసలాయనకు తెలుగు ముక్క రాదు. అయినా లేచి కూర్చుని, కాళ్ళు కిందికి దించాడు.

అత్తయ్యగారికీ మామయ్యగారికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెనలు కోరుతూ,

నీ చెల్లి
సుజాత