గెడ్డవానిపాలెం గరుత్మంతుడు

గెడ్డవానిపాలెం, విశాఖపట్నం,
1983, ఫాల్గుణ బహుళ విదియ.

మహారాజశ్రీ విమానాశ్రయం ఆఫీసరు భీమశంకరరావుగారికి, హార్బరులో కళాసీగా రిటైరై, బడి గుమ్మం తొక్కకుండానే రామాయణం కంఠతా పట్టిన అప్పలసూరి దాసు ఆశీర్వదించి వ్రాయునది.

అయ్యా, మీ రన్‌వే గోడకు ఇవతలే మా పాలెం. మీ విమానం రోజూ మా పెంకులు కదిలించి పోతున్నా, పుష్పకం మీద కిష్కింధ కోతులు అర్జీ పెట్టలేదు గదా అని ఊరుకున్నాను. నిన్న మీ మనుషులు టపాకాయలు కాల్చి మా గరుడపక్షులను తరిమారు! "వైనతేయశ్చ పక్షిణాం" అన్నాడు పరమాత్మ. పక్షులలో గరుత్మంతుణ్ణి నేనే అన్నాడు. మీరు టపాకాయ కాల్చింది ఎవరి మీదో ఆలోచించుకోండి.

ప్రతి శ్రీరామనవమికీ సీతమ్మ మెడలో పుస్తె పడే వేళ గరుడుడు మా పందిరి చుట్టూ తిరుగుతాడు. పదిహేనేళ్ళుగా తప్పలేదు. ఈసారి తిరగకపోతే ఇక పీఠమెక్కి రామాయణం చెప్పనని మైకులో ప్రమాణం చేశాను. నా నోరు మూతపడితే ఆ పాపం మీ ఆఫీసుదే.

ఇట్లు, శ్రీరామ పాదధూళి,
అప్పలసూరి దాసు.

తా.క.: మైకు గట్టిగానే పెట్టించాను. మీ టవరుకు వినిపించే ఉంటుంది.


విమానాశ్రయం,
4-4-1983.

పూజ్యులు దాసుగారికి భీమశంకరరావు నమస్కారాలు.

వినిపించింది. టవరులో మావాళ్ళు పైలట్‌కు గాలి వేగం చెబుతుంటే మధ్యలో మీ శూర్పణఖ వచ్చింది.

అయ్యా, నాకూ భక్తి ఉంది. కాని ఒక్క గద్ద ఇంజనులో పడితే గద్దా మిగలదు, నలభైమంది ప్రయాణికులూ మిగలరు. గోడ పక్కన పారేసే చేపల చెత్త కోసమే అవి వస్తున్నాయి. అందుకని గొయ్యి తవ్వించి ఇనపమూత పెట్టించాము. చేపలమ్మే ఆడవాళ్ళ తరఫున కాశమ్మగారు చెత్తంతా అందులోనే వేయిస్తానని ఒప్పుకున్నారు. చుట్టుపక్కల జనాన్ని కలుపుకుని పొమ్మని మా పైవాళ్ళ ఉత్తర్వు. కాబట్టి పక్షులను తోలే ఉద్యోగం మీ పాలెం తవిటయ్యకే ఇచ్చాము.

భవదీయుడు,
భీమశంకరరావు.

తా.క.: తవిటయ్యకు టపాకాయలు ఇవ్వలేదు, డప్పు ఇచ్చాము. డప్పుకు గరుత్మంతుడు కోపగించడనుకుంటాను.


గెడ్డవానిపాలెం,
ఉగాది మర్నాడు.

ఆఫీసరుగారికి దాసు మొర.

మీ మూత పడింది, మా ఆకాశం బోడిగుండయింది. వారం రోజులుగా ఒక్క రెక్క లేదు. తవిటయ్య ఉద్యోగధర్మమంటూ నా పురాణంలో జటాయువు రాగానే డప్పు కొడుతున్నాడు. నాకు పోటీగా భజన సమాజం నడిపే పోలిరాజు నడివీధిలో నిలబెట్టి, "ఏటి దాసూ, నీ గరుడుడికి ట్రాన్స్‌ఫరైపోనాదేటి? పీఠం మాకిచ్చెయ్, మా మద్దిల పెట్టుకుంతాం" అన్నాడు.

నాగపాశం విడిపించినవాడినే మీరు ఇనపమూతతో కట్టేశారు! నవమి నాడు ఒక్కరోజు మూత తీయించండి.

ఇట్లు,
ఆకాశం చూసి చూసి మెడ పట్టేసిన
అప్పలసూరి దాసు.

తా.క.: ఇది చదివి చింపేయండి. మొదటి ఏడు గరుడుడు తనంతట తానే వచ్చాడు, రాముడి తోడు. రెండో ఏడు ముహూర్తం దాటిపోతున్నా రాలేదు. కాశమ్మ గోడ పక్కన చేపతలల బుట్ట కనిపించింది. రెండు తలలు పందిరి వెనక్కి విసిరాను. వచ్చాడు. అప్పటినుంచి ఏటా నవమి నాడు అదే బుట్ట, అదే పని. ఆనక ఏడు మునకల స్నానం. ఈ సంగతి రాముడికీ నాకూ తప్ప పాలెంలో మూడో ప్రాణికి తెలియదు.


విమానాశ్రయం,
18-4-1983.

దాసుగారికి నమస్కారాలు.

చింపేశాను.

మూత మాత్రం తీయించలేను. సరిగ్గా నవమి నాడు మధ్యాహ్నం విమానంలో మా పై అధికారి తనిఖీకి వస్తున్నారు. పక్షులు ఉన్నాయా, చుట్టుపక్కల జనం మామీద కోపంగా ఉన్నారా, ఈ రెండే ఆయన చూసేది. మీ పీఠం మీ మాట మీద ఎలా నిలిచి ఉందో, నా కుర్చీ ఆయన మాట మీద అలా నిలిచి ఉంది. క్షమించండి.

మీ
భీమశంకరరావు.

తా.క.: గుడ్డతో గరుడుణ్ణి కుట్టి గాలిపటంలా ఎగరేయమంది మా ఆవిడ. దయచేసి ఎగరేయకండి. అదీ నిషిద్ధమే.


గెడ్డవానిపాలెం,
చైత్ర శుద్ధ దశమి.

భక్తాగ్రేసరులు భీమశంకరరావుగారికి దాసు సాష్టాంగం!

పుస్తె ఎత్తి పట్టుకున్నాం. ఆకాశంలో ఈగ లేదు. జనమంతా నా మొహమే చూస్తున్నారు. పోలిరాజు మద్దెలతో సహా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, "స్వామీ, అబద్ధమాడాను, శిక్షించు" అనుకున్నాను. అంతలో గుయ్యిమని ధ్వని! వెండి రెక్కలతో మీ విమానం! దిగలేదయ్యా. పందిరి మీదుగా ఒకటి, రెండు, మూడు ప్రదక్షిణలు! ఆడవాళ్ళు హారతులెత్తారు. నూటపదహారు కొబ్బరికాయలు పగిలాయి. అందరూ చేతులు జోడించి పైకి చూస్తూ గోవిందలు కొట్టారు.

నాకోసం మీరింత సాహసం చేస్తారనుకోలేదు. పైలట్‌గారికి శేషవస్త్రం పంపుతున్నాను. వచ్చే నవమికి కూడా మూడే చాలు.

ఇట్లు, మీ ఋణగ్రస్తుడు,
అప్పలసూరి దాసు.

తా.క.: "గరుడుడి తోక మీద ఆ ఎర్రచార ఏటి?" అన్నాడు పోలిరాజు. "తిరుచూర్ణంరా మూర్ఖా" అన్నాను. లెంపలేసుకున్నాడు.


విమానాశ్రయం,
29-4-1983.

దాసుగారికి నమస్కారాలు.

శేషవస్త్రం తిప్పి పంపుతున్నాను. అది పైలట్ చేసిన సేవ కాదు. దిగబోయేసరికి రన్‌వే మీద ముప్పై గద్దలు కూర్చుని ఉన్నాయి. గోతి మూత తీసి ఉంది. అవి చేపతలలు ఎత్తుకొచ్చి మా రన్‌వే మీద తీరిగ్గా భోంచేస్తున్నాయి. తోలవలసిన తవిటయ్య మా డప్పుతోనే మీ కల్యాణంలో మేళం వాయిస్తున్నాడు. అవి లేచేదాకా విమానం గాలిలో తిరిగింది.

నా కుర్చీ పోయిందనుకున్నాను. కాని తిరిగిన మూడుసార్లూ మా పై అధికారి కిటికీలోంచి కిందికే చూశారట. "విమానానికి హారతులిచ్చి దణ్ణాలు పెట్టే జనాన్ని నా సర్వీసులో చూడలేదు. గద్దల మీద మాత్రం శ్రద్ధ చాలదు" అని రిపోర్టు రాశారు. ఇంత ఇష్టపడే ఊరికి ఒక్క విమానం చాలదట. రెండోది వేయమన్నారు. సాయంత్రం ఆరింటికి, అంటే మీ పురాణం వేళకు.

మీ
భీమశంకరరావు.

తా.క.: మూత ఎవరు తీశారని మొన్న మీరు లేని వేళ పాలెం వచ్చి కేకలేశాను. కాశమ్మగారు కొంగు దోపుకుని ముందుకొచ్చారు: "నానే తీసినాను. నవమినాడు మా పాలెంలో ఎవురూ సేప ముట్టరు బాబూ. మరి మా గోడకాడ ఆ బుట్ట ఏటా ఎక్కడ్నించి వస్తాదనుకున్నాడు మీ దాసు? ఊరంతా కలిసే పెడతన్నాం. పోలిరాజు కూడా రెండు తలలేస్తాడు. దాసు మాట పోతే ఇంక మాకు రామాయణం ఎవుడు సెప్తాడు? వొచ్చే ఏడు మాత్రం మైకులో ఒట్లెయ్యొద్దని సెప్పండి బాబూ. పండగపూట సేప కొయ్యడం మాకూ పాపమే."