జమునకు వినపడని మాట

దేవదాసూ, నీ బిడ్డ కోసం వెతకకు, తాతనైన నాతోనే ఉంది. బడికి వచ్చిన డాక్టరు రాసిచ్చిన చీటీతో జమునను కరీంనగరం దవాఖానకు తీసుకపోతున్నాను. రేపు నక్సలైటు అన్నల బంద్, బస్సులుండవు, అందుకే ఇయ్యాలే పోతున్నాం. దారిలో పోలీసులు ఆపితే ఆపనీ, కొడిమ్యాల గుట్టల్లో పులినే బుజ్జగించి పంపినవాణ్ని.

"మొద్దుకు సదువెందుకు, నూలు కండెలు సుట్టనీ" అన్నావు. పిల్ల మొద్దు కాదట. రెండు చెవుల్లో చీము పట్టి సారు చెప్పేది వినపడక వెనకబడిందట. మరమగ్గాల సాంచాల మోతకు మనింట్లో అందరం అరిచే మాట్లాడుతాం, మనకెట్ల తెలుస్తుంది? జమున మళ్లీ బడికే పోతుంది. కండెలు నువ్వే చుట్టుకో.

మొన్న పిలిస్తే పలకలేదని నేనూ దాని వీపున ఒకటేశాను. ఎడమ చెవికి కొంచెం వినపడుతుందట. బస్సులో ఆ పక్కనే కూర్చుంటాను.