వెనక్కి వెళ్లనివ్వని పరీక్ష

మొనికిరా, మంగళవారం

నొహెమీకి అమ్మ దీవెనలు.

నీ కూతురికి లెక్కలు రావని మొన్న ఫోనులో అన్నావు. అది తప్పు. యురానీకి ఆల్జీబ్రా వచ్చు, పాడైంది నా సలహా. "కష్టమైన లెక్క వదిలేసి, తెలిసినవి చేసి, మళ్లీ వెనక్కి రా" అని ముప్ఫై ఏళ్లు బడిలో చెప్పిన మాటే దీనికీ చెప్పి పంపాను. ఈసారి అర్ధసంవత్సర పరీక్ష టాబ్లెట్‌లో పెట్టారు. అందులో దాటేసిన లెక్క దగ్గరికి మళ్లీ వెళ్లనివ్వరట. పిల్ల పదింటిలో ఆరు దాటేసింది. వచ్చినవి నాలుగే మార్కులు.

ఆ ఆరూ చిత్తుకాగితం మీద చేసి తెచ్చింది. నేను దిద్దితే ఐదు ఒప్పు. కాగితం పట్టుకెళ్లి టీచరుకి చూపించాను.

"దోన్యా ఒతీలియా, ఇది మీ కాలం పరీక్ష కాదండీ," అన్నాడు నాతో, మర్యాదగానే.

"పరీక్ష మారితే మారనీ నాయనా, ఎక్స్ విలువ మారలేదుగా," అన్నాను.

నవ్వి, శుక్రవారం మళ్లీ రాయనిస్తానన్నాడు. కాకపోతే, పిల్లని కింది తరగతికి దించడానికి ఒప్పుకోమని బడివాళ్లు నీకు పంపిన కాగితం మీద నువ్వు సంతకం పెట్టేస్తే ఇక ఆయన చేతిలో ఏమీ ఉండదట.

నీ దగ్గు తగ్గిందా? మేడ మీది గది ఇంకా కారుతోందా? నా మోకాలు ఎప్పటిలాగే ఉంది.

ఈ కార్డు, జామ బిళ్లల డబ్బా బస్సు డ్రైవరు ఎవెలియో తెస్తున్నాడు. సాయంత్రం ఆరింటికి మీ ఊరినుంచి తిరిగి బయల్దేరతాడు. డబ్బా ఖాళీగా పంపకు. బడివాళ్ల ఆ కాగితం వెనక "మళ్లీ రాయనివ్వండి" అని రాసి, అందులో పెట్టి, అతని చేతికే ఇవ్వు. ముందువైపు సంతకం మాత్రం పెట్టకు.