ఆకుపచ్చ రవికల గుడ్డ

గిలకలదిండి,
మచిలీపట్నం.
14 ఆగస్టు 2003

యలమంద బావకు,

నీ భార్య ధనమ్మ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తున్నాను అని రాయడం మర్యాద గనక రాశాను గానీ, పరాయి దేశం జైల్లో ఉన్నవాడి క్షేమం ఎలాంటిదో నాకు తెలియనిది కాదు. మన తేజస్విని నాలుగో తరగతికి వచ్చింది. రేపు జెండా పండుగని పొద్దుటి నుంచీ రంగు కాగితాలు కత్తిరించి ఇల్లంతా చెత్త చేసింది. మీ అమ్మకు కాళ్ల వాపు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నేను రోజూ బందరు మార్కెట్లో గంప దించుతూనే ఉన్నాను.

నీతో వేటకొచ్చిన అయ్యప్ప, మిగతా నలుగురూ ఇల్లు చేరారు. బోటులో వెళ్లిన ఆరుగురిలో ఐదుగురు రైలు దిగి, బోటు నడిపే సరంగువి నువ్వొక్కడివే దిగకపోయేసరికి, నేను పెట్టెలోకి ఎక్కి బాత్రూము తలుపులు కూడా తీసి చూశాను. జనం నవ్వారు. తర్వాత అయ్యప్ప నన్ను పక్కన కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాడు. పారాదీపు దాటాక ఇంజను ఆగిపోయిందట. వాయుగుండం గాలికి కొట్టుకుపోయారట. తాగే నీళ్లు అయిపోయిన వేళ అవతలి దేశం నేవీ వాళ్లు మిమ్మల్ని చూసి పైకి తీశారట. ముందు అన్నం పెట్టి ఆ తర్వాతే పేర్లు అడిగారట. నీకు జ్వరమొస్తే ఒక ఆఫీసరు తన దుప్పటి ఇచ్చాడట. ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగా ఉండాలి.

ఆ తర్వాత వాళ్లు మన బోటు కర్రకున్న గుడ్డ చూశారట. ఆకుపచ్చ గుడ్డ, నడిమధ్య ఎర్రటి గుండ్రం. అచ్చం వాళ్ల దేశపు జెండా. దారి తప్పి వచ్చినవాళ్లయితే వదిలేసేవాళ్లమనీ, మీరు మా జెండా కట్టుకుని మా నీళ్లలో దొంగవేటకు వచ్చారనీ కేసు రాశారట. అయ్యప్ప తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో ఎంత మొత్తుకున్నా నమ్మలేదట. కూలికి వచ్చినవాళ్లని ఐదుగురినీ వదిలి, బోటు నడిపింది నువ్వు గనక నేరం నీ మీద పెట్టారు. వచ్చే నెలలో నీ విచారణట. రుజువైతే ఏళ్ల తరబడి జైలేనని అయ్యప్ప చెప్పలేక చెప్పాడు.

అది విని నాకు నవ్వొచ్చింది బావా. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ గుడ్డ కుట్టింది నేను. నీకు తెలిసిన సంగతే అయినా, పెద్దవాళ్ల ముందు నోరు పెగలనివాడివి గనక వరసగా రాస్తున్నాను. వేట మొదలుపెట్టే రోజున సరంగు భార్య గంగమ్మ తల్లి పేరు చెప్పి, తన ఆకుపచ్చ రవికల గుడ్డకు మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి బోటు కర్రకు కట్టడం మన ఇంటి ఆనవాయితీ. ఆకుపచ్చ పిల్లాపాపల చల్లదనానికి, బొట్టు ఐదోతనానికి. కుంకుమేమో ఉప్పునీళ్లకు ఆగదు. బొట్టు చెరిగిన గుడ్డ ఇంటికొస్తే అరిష్టమని మీ అమ్మ కుంకుమ మానేసి ఎర్రగుడ్డ కుట్టడం మొదలుపెట్టింది. నేను ఆవిడకంటే పనిమంతురాలిని కదా, టిఫిను ప్లేటు బోర్లించి, గీత గీసి, వంకర లేకుండా కత్తిరించి మరీ కుట్టాను. ఏ బద్ధకస్తురాలైనా అయితే కుంకుమ అద్ది ఊరుకునేది. అది కారిపోయేది, నువ్వు ఈపాటికి రేవులో వల బాగుచేసుకుంటూ ఉండేవాడివి.

గుండ్రం కత్తిరించగా మిగిలిన ఎర్రగుడ్డ ఇంట్లోనే ఉంది, మధ్యలో కన్నంతో. దాన్ని ఈ కవరులో పెడుతున్నాను. వాళ్లు దాచిన బోటు గుడ్డను దీనికి ఆనించి చూస్తే, ఆ గుండ్రం ఈ కన్నంలో సరిగ్గా కూర్చుంటుంది. ఆకుపచ్చ గుడ్డకు ఒక పక్క సన్నటి జరీ అంచు కూడా ఉండాలి. ఏ దేశమైనా జెండాకు జరీ అంచు పెట్టుకుంటుందా అని అడుగు.

ఇక్కడ కలెక్టరాఫీసుకు వెళ్తే ఢిల్లీ అన్నారు. ఢిల్లీలో నాకెవరున్నారు? తేజస్విని టీచరు దయామణి గారి తమ్ముడు ఫిలిప్ గారు అక్కడ పరాయి దేశాల వ్యవహారాలు చూసే చోట చిన్న ఉద్యోగం చేస్తున్నారు. ఆయన సెలవుకు అవనిగడ్డ వచ్చారంటే బస్సెక్కి వెళ్లాను. మంచాయన. కాఫీ ఇప్పించి ఉన్నదున్నట్టు చెప్పారు. మనకు వాళ్ల గ్యాసు కావాలట. వాళ్లకు మన వైపు నుంచి వెళ్లే నది నీళ్లు కావాలట. వాళ్ల మంత్రిగారు ఢిల్లీ రాబోయే ముందు మంచితనానికి గుర్తుగా మనవాళ్లను ఐదుగురిని వదిలారట. పూలదండల ఫొటోలు రెండు దేశాల పేపర్లలోనూ పడ్డాయట. ఆ తర్వాత సరిహద్దులో కాల్పులు జరిగి మాటలు ఆగిపోయాయట. ఇప్పుడు ఆ గుడ్డ అమ్మవారిదని మనవాళ్లు ముందుగా చెప్పి అడిగితే మనం తగ్గినట్టట. పొరపాటు పడ్డామని వాళ్లు ఒప్పుకుంటే వాళ్లు తగ్గినట్టట. అందుకని కాగితం కదలదట. వాళ్ల జాలర్లు కొందరు మన జైల్లోనూ ఉన్నారట. ముందు వాళ్లనొదిలెయ్యండి, వాళ్ల పెళ్లాలూ నాలాంటోళ్లే కదండీ అన్నాను. ఫిలిప్ గారు తల దించుకుని, దేశాలకు మొహమాటాలుండవమ్మా, అవసరాలే ఉంటాయి అన్నారు.

చేపలమ్ముకునేదాన్ని, నాకు బేరం తెలియదా? నేనూ మంచి గంప ఒకటి వెనక్కి పెట్టి గిరాకీ పెరిగాకే దించుతాను. కానీ ఐసు వేసి మనిషిని ఎన్నాళ్లు నిలవ ఉంచుతారు? మనవాళ్లు మంచివాళ్లనీ, వాళ్లు చెడ్డవాళ్లనీ నేననను. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్టుంది మన సంగతి.

నాకు భయంగా ఉంది బావా. మార్కెట్లో అందరితో గట్టిగానే మాట్లాడతాను. ఇంటికొచ్చి నీ కంచం చూస్తే చేతులు ఆడవు. నీ దగ్గు తగ్గలేదని, తిండి సరిగ్గా తినడంలేదని అయ్యప్ప చెప్పాడు. విచారణ రోజున ఎవరి మీదా కోపం తెచ్చుకోకు. మన పిల్ల రేపు బడికి పట్టుకెళ్లే జెండా మనకెంతో, వాళ్ల జెండా వాళ్లకంత. తెలియక జరిగిందని దండం పెట్టు. దండానికి భాష అక్కర్లేదు.

ఎదురుచూసే
నీ భార్య,
ధనమ్మ

తా.క.: ఈ ఉత్తరం విప్పిన ఆఫీసరు గారికి నమస్కారం. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తెలుగు తెలిసినవారి చేత చదివించుకున్నాకే మీరు లోపలికి పంపుతారని అయ్యప్ప చెప్పాడు. అయ్యా, నా భర్తకు చదవడం రాదు. ఇన్నాళ్లూ నా ఉత్తరాలు చదివి వినిపించింది అయ్యప్పే. అతనిప్పుడు ఇక్కడున్నాడు. పైన బావా, బావా అని రాసిందంతా మీకే. నేను మీ మంత్రికో మా మంత్రికో రాస్తే అది దేశానికీ దేశానికీ మధ్య మాట అవుతుందట, ఎవరో ఒకరు తగ్గాల్సి వస్తుందట. పెళ్లాం మొగుడికి రాసుకున్న ఉత్తరం చదివినందువల్ల ఎవరూ తగ్గినట్టు కాదు గదండీ. మీ అంతట మీరే కనిపెట్టినట్టు విచారణలో చెప్పండి, నా పేరు ఎత్తొద్దు. ఆ తర్వాత దీన్ని చింపేసినా సరే. చింపేముందు ఒక్కసారి అతని దగ్గరికి వెళ్లి ధనమ్మ అనండి, చాలు. నేను రాశానని తెలుసుకుంటాడు.