లేవమని వచ్చిన కార్డు

జగ్గయ్యపేట,
5-11-48

ప్రియమైన తాయారుకి,

నేను కులాసా. మీ అక్కయ్యగారింటికి వెళ్ళాక నీ కుడి భుజం ఎలా ఉంది? ఇక్కడి సంగతులు ఎక్కువ లేవు. అల్లర్లు సద్దుమణిగాక నైజాం వైపు ఊళ్ళవాళ్ళు మళ్ళీ సరుకుకి వస్తున్నారు. వెంకటరత్నం శెట్టిగారి కొట్లో పొద్దున్నే మఠం వేసుకుని పద్దుల డెస్కు ముందు కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అంతే. కాళ్ళు కొంచెం తిమ్మిరెక్కుతున్నాయి. వంట చేసుకుంటున్నాను. చారు మిగిలిపోతోంది.

ఇట్లు,
దశరథరామయ్య

నందిగామ,
9-11-48

ఏమండీ,

నమస్కారాలు. నీళ్ళు తోడితోడి పట్టేసిన భుజం అంత తొందరగా వదులుతుందా? పక్కింటి దేవమణి ఆసుపత్రిలో నర్సు. "అక్కా, గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని చీమల్లా పైకి పాకించు. నొప్పి మొదలవగానే ఆగి, ఊపిరి నెమ్మదిగా వదులు" అంటుంది. మా సౌభాగ్యక్కయ్య చూసి, "గోడకి సున్నం వేస్తున్నావుటే?" అని ఒకటే నవ్వు. ఇవాళ జడ నేనే వేసుకున్నా.

తిమ్మిరి అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మీరు ఒక్క ముక్క రాశారంటే చాలా ఉందని నాకు తెలుసు. మధ్యమధ్యలో లేచి, ఒళ్ళు విరుచుకుని, నాలుగడుగులు వేసి కూర్చోండి. పడుకోబోయే ముందు అరికాళ్ళకి ఆముదం రాసుకోండి.

మీ తాయారు

జగ్గయ్యపేట,
15-11-48

ప్రియమైన తాయారుకి,

జడ వేసుకున్నానన్న చోట ఉత్తరం మళ్ళీ చదివాను. ఆముదం రాస్తున్నాను. లేవడం మాత్రం కుదరదు. గుమాస్తా లేస్తే బేరగాడూ లేస్తాడని శెట్టిగారి భయం. ఒళ్ళు విరుచుకుంటే లక్ష్మి పోతుందంటారు. అసలు లేవడమన్న మాటే కొట్లో అనకూడదు. కొట్టు లేచిపోయిందంటే దివాలా తీసిందని గదా. ఇంటికి బయల్దేరేటప్పుడు కూడా "వస్తానండి" అనే అంటాను.

మొన్న కొట్టు కట్టేశాక గడప దాటుతూ పడ్డాను. ఎడమ కాలు నేల మీద ఆనిందో లేదో తెలియలేదు. దెబ్బ పెద్దది కాదు. ఎవరూ చూడలేదు, అదే మేలు. గుమాస్తా కాలు చెడిందని తెలిస్తే ఆ చోటికి ఇంకొకరు వస్తారు. కంగారు పడకు. అలిసిపోయాను, అంతే.

ఇట్లు,
దశరథరామయ్య

నందిగామ,
18-11-48

ఏమండీ,

ఇంటికి రాస్తే చీకటి పడేదాకా చూడరని కొట్టుకే రాస్తున్నా. నలుగురి చేతుల్లో పడే కార్డు, వివరాలు రాయను. నేను చెప్పింది వెంటనే చేయండి. శెట్టిగారు ఏమన్నా సరే, లేవండి. మీరు లేవకపోతే నేనే వచ్చి లేపుతా.

మీ తాయారు

జగ్గయ్యపేట,
20-11-48

ప్రియమైన తాయారుకి,

నీ కార్డు నాకంటే ముందు శెట్టిగారు చదివారు. బేరగాళ్ళందరి ముందూ పైకెత్తి చూపించి, "ఏమయ్యా దశరథరామయ్యా, లేస్తున్నావట! ఎవరి కొట్టుకి? మీ ఆవిడ నందిగామలో కూర్చుని బేరం కుదిర్చిందా?" అన్నారు. అందరూ నవ్వారు.

"అబ్బే, అది కాదండి" అంటే సరిపోయేది. ఆయన కార్డు చింపేసేవారు, నేను మళ్ళీ డెస్కు మీదికి వంగేవాణ్ణి. అనబోయాను కూడా. కానీ అప్పటికే రెండు కాళ్ళూ మొద్దుబారి ఉన్నాయి.

"అవునండి, లేస్తున్నా" అన్నాను.

డెస్కు పట్టుకుని లేచాను. కాలు నిలవలేదు. శెట్టిగారే వచ్చి చంక కింద చెయ్యి వేసి ఆపారు.

"ఈ కాళ్ళతో ఎవరి కొట్టుకయ్యా?" అన్నారు మెల్లగా.

"ఏ కొట్టుకీ కాదండి. నందిగామకి. పడుకోవడానికి."

"పడుకోవడానికా?"

"అవునండి. అలిసిపోయా."

ఆయన కాసేపు నా కాళ్ళకేసే చూశారు. "వెళ్ళి పడుకో. కాలు కుదిరాక రా, చూద్దాం. నీ చోటు అట్టే పెడతానని మాత్రం అనలేను" అన్నారు. ఉన్నమాట చెప్పారు, కోపం రాలేదు. చోటు పోయిందనే అనుకో.

మంగళవారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. దిగే చోటికి మీ అక్కయ్యగారిని పంపకు, నువ్వే రా. బజార్లో అందరూ చూస్తుండగా నీ మీద ఆనుకుని నడవాల్సి వస్తుంది. సిగ్గుపడే ఓపిక కూడా లేదు నాకు.

నీ
దశరథరామయ్య