అయిదిళ్ల ఫోను

ఫిబ్రవరి 3, 1948. మంగళవారం

మంచు తుఫానుకి తెగిన ఫోన్ లైను ఇవాళ బాగైంది. బాగుచేసినవాడు ఆర్విడ్ లండీన్, టెలిఫోన్ కంపెనీ లైన్‌మన్. స్తంభం దిగేసరికి వేళ్లు నీలంగా ఉన్నాయి. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను, యాపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' ఒక ముక్క పెట్టాను. గంటా పది నిమిషాలు కూర్చున్నాడు. మా ఆయన వారెన్ పోయిన ఈ రెండేళ్లలో వంటగదిలో మగవాడి గొంతు వినడం ఇదే మొదలు. నవ్వాను కూడా.

వెళ్తూ ఒక కిటుకు చెప్పాడు. మీ అయిదిళ్లకీ ఒకటే లైను కదండీ, ఎవరైనా దొంగచాటుగా రిసీవర్ ఎత్తితే మీ చెవిలో అవతలివాళ్ల గొంతు సన్నబడుతుంది, ఎన్నిసార్లు సన్నబడితే అంతమంది వింటున్నట్టు లెక్క అన్నాడు. అయిదిళ్లంటే మాది, ఎదురింటి పర్డీలది, బ్యాంకాయనది, మూలింటి గేట్స్ గారిది, అత్తగారిది; ఎవరు ఫోన్ తిప్పినా అన్నింట్లోనూ గంట మోగుతుంది.

ఫిబ్రవరి 4

గంటా పది నిమిషాలు కాస్తా తెల్లారేసరికి మూడు గంటలైంది. ఎదురింటి మిసెస్ పర్డీ బ్యాంకాయన భార్యకి ఫోన్‌లో చెబుతోంది. ఆ లైన్‌మన్ ట్రక్కు ఆ ఇంటి ముందే ఉందమ్మా, నేను రెండు వాయిల బట్టలు ఉతికి ఆరేశాను, అయినా కదల్లేదు, ఎలోయిస్ ఇల్లు మళ్లీ వెచ్చబడ్డట్టుందిలే అంది నా గురించి. నాకెలా తెలుసా? నేనూ రిసీవర్ ఎత్తాను. డైరీలో కూడా అబద్ధమెందుకు?

ఫిబ్రవరి 15. ఆదివారం

వారెన్ పోయినప్పటి నుంచీ వేసుకుంటున్న నల్లకోటు పెట్టెలో పెట్టేశాను. ఎర్ర టోపీతో చర్చికి వెళ్లాను. అత్తగారు మెట్ల మీదే ఆపారు. నా కొడుకు సమాధి మీద ఇంకా గడ్డి కూడా సరిగ్గా మొలవలేదే తల్లీ, అప్పుడే రంగులా అన్నారు. నా కూతురు నోరీన్ గబుక్కున నా చెయ్యి పట్టుకుని, టోపీ నేనే ఎంచానులే నాన్నమ్మా అంది. పదిహేనేళ్ల పిల్ల, నాకోసం చర్చి మెట్ల మీద అబద్ధమాడింది.

ఆర్విడ్ ఇప్పటికి నాలుగుసార్లు వచ్చాడు, ఎప్పుడూ నోరీన్ స్కూల్లో ఉండగానే. దానికి చెప్పాలి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 24

బ్రిడ్జ్ పేకాటకి పిలవలేదు. ఈసారి నలుగురం సరిపోయాం ఎలోయిస్ అన్నారు. పదకొండేళ్లుగా ఆ నాలుగో మనిషిని నేనే.

నోరీన్‌కి ఇంకా చెప్పలేదు.

మార్చి 2. మంగళవారం

నా నోరు పడిపోను! ఆర్విడ్ ఫోన్ చేశాడు. సంతోషం పట్టలేక, మంచుకి వీధి తలుపు బిగుసుకుపోయింది, వంటగది తలుపు తీసే ఉంటుంది, తట్టకుండా వచ్చెయ్ అన్నాను. అవతల అతని గొంతు సన్నబడుతూనే ఉంది. నేను లెక్కపెట్టలేదు.

మార్చి 3

స్కూల్లో ఆడపిల్లలు నోరీన్‌ని చుట్టుముట్టారట. మీ ఇంటి వంటగది తలుపు తీసే ఉంటుందటగా, మేమూ తట్టకుండా రావచ్చా అని ఒకటే నవ్వులట. ఇంటికొచ్చి ఏడవలేదు. సూట్‌కేస్ సర్దుకుంది. అతను మంచివాడే అయ్యుంటాడమ్మా, ఊరంతా విన్నాక నేను వినాల్సి వచ్చింది చూడు, అదీ నా బాధ, టోపీ గురించి నీకోసం అబద్ధమాడానే, నాకు నువ్వు నిజం చెప్పలేకపోయావా అంది. రెండు వీధుల అవతల వాళ్ల నాన్నమ్మ ఇంటికి నడిచి వెళ్లింది. ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క తప్పూ లేదు.

మార్చి 4

రాత్రి అన్నానికి రెండు ప్లేట్లు పెట్టి, ఒకటి తీసేశాను.

మార్చి 9. మంగళవారం

అత్తగారు వచ్చారు. చేతి తొడుగులైనా తీయలేదు. ఆదివారంలోగా ఆ స్తంభాలెక్కేవాడికి సెలవు చెప్పు, పిల్లని నేనే తెచ్చి దింపుతాను, కాదంటావా, సెప్టెంబరులో దాన్ని హాస్టల్ స్కూలుకి పంపేస్తా, పిల్ల కూడా సరేనంది అన్నారు. ఫోన్ చేస్తే పిల్ల రాదు. వెళ్తే మేడ దిగదు. ఉత్తరాలు రాస్తే తిరిగొస్తున్నాయి, విప్పకుండానే, కవరు మీద అత్తగారి చేతిరాతతో.

మార్చి 10

ఆర్విడ్ పట్టపగలు వీధి తలుపు దగ్గరికే వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. టొలీడో ఊళ్లో కంపెనీ ఉద్యోగం ఖాళీ ఉంది, శనివారం సాయంత్రంలోగా నేను సరేనంటే సోమవారమే వెళ్లిపోతా, నీ కూతురు నీకు దక్కుతుంది అన్నాడు. ఒళ్లు మండింది. ఈ ఊళ్లో ప్రతివాళ్లూ నా బదులు నిర్ణయించేసేవాళ్లే. తలుపు మొహం మీదే వేశాను. అంత బిగుసుకుపోయిన తలుపు అప్పుడు మాత్రం ఎంత బాగా పడిందో!

వెళ్లిపోతే చచ్చిపోతాను అనను. వారెన్ పోయినప్పుడే చావలేదు. కానీ నాకు అతను కావాలి. కూతురూ కావాలి.

మార్చి 13. శనివారం, సాయంత్రం 5 గం.

జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

శనివారం నాలుగింటికి అత్తగారు చర్చి వంటగదిలో ఉంటారు. అప్పుడు ఆ ఇంట్లో ఉండేది నోరీన్ ఒక్కతే. సరిగ్గా నాలుగింటికి ఆపరేటర్‌ని ఆర్విడ్ ఉండే లాడ్జికి కలపమన్నాను. హలో అన్నాడు, పక్కనే ఉన్నట్టు. వెంటనే గొంతు సన్నబడింది, పర్డీ. మళ్లీ సన్నబడింది, బ్యాంకాయన భార్య. మళ్లీ, మూలింటి ముసలి గేట్స్ గారు, పాపం తోడు లేక వింటాడు. ఆగాను. ఇంకోటి రాలేదు. ఆగాను. ఆర్విడ్ ఏమైందేమైంది అంటున్నాడు.

నాలుగోసారి గొంతు సన్నబడింది. వెనకాల టిక్కుటిక్కుమంటూ అత్తగారి హాల్లో నిలువు గడియారం.

అప్పుడన్నాను: ఆర్విడ్, టొలీడో వెళ్లకు, రేపు నాతో చర్చికి రా, నీకిష్టమైతే జూన్‌లో పెళ్లి చేసుకుందాం. థెల్మా పర్డీ, విన్నావుగా, ఇక పెట్టెయ్. బ్యాంకాయన గారి భార్యా, మీరూ పెట్టేయండమ్మా. గేట్స్ గారూ, మీకు రేపు ఫోన్ చేస్తాను. ఇకముందు చెప్పాల్సింది నా కూతురికి.

టక్. టక్. కాస్త ఆగి, దగ్గి, టక్.

గడియారం మాత్రం వినిపిస్తూనే ఉంది. నోరీన్, నీకు ముందు చెప్పాల్సింది, భయపడ్డాను, నువ్వు కాదంటే అతన్ని వదులుకోవాలేమోనని దాచాను, అది పిరికితనం అన్నాను. అతన్ని వదులుకోను, నిన్నూ వదులుకోను, వంటగది తలుపు తీసే ఉంటుంది, తట్టకుండా వచ్చెయ్ అన్నాను.

ఊపిరి వినిపించింది. టక్.

ఆర్విడ్ గొంతు ఒక్కసారిగా పెద్దగా వినిపించింది. రేపు చర్చికి ఏ టై కట్టుకోవాలో చెప్పమంటున్నాడు. నేను ఏడుస్తున్నాను.

మార్చి 14. ఆదివారం, ఉదయం 6:30

వంటగది తలుపు లోపల తడి బూట్లు, పక్కన నోరీన్ సూట్‌కేస్. ఆర్విడ్ కోసం చేసి ఉంచిన యాపిల్ 'పై'లో సగం లేదు.